ఎడమచేతి లెక్క

కత్తి దూయడం నేర్చుకుంటున్నానని చెప్తే ఎవరైనా మొదట అడిగేది ఒకటే, ఎవరితో కొట్లాడతావు అని. ఎవరితోనూ కొట్లాడం. ఎదురుగా అసలు ఎవరూ ఉండరు. మోకాళ్ళు మడిచి కూర్చుంటాం, నడుముకి ఒర, ఒరలో కత్తి, ఎదురుగా ఒక మనిషి కూర్చున్నాడనుకుంటాం, వాడు మన మీదకి లేవబోతున్నాడనుకుంటాం, ఇంక అంతే, దూస్తాం, దూస్తూనే అడ్డంగా ఒక వేటు, పై నుంచి ఇంకో వేటు, కత్తికి అంటని రక్తాన్ని విదిలిస్తాం, కిందికి చూడకుండా మళ్ళీ ఒరలో పెట్టేస్తాం. మొత్తం కలిపి పదిహేను సెకన్లు. జపాన్ వాళ్ళ విద్య, ఇయాయిదో అంటారు. ఈ పదిహేను సెకన్లు నేను నాలుగేళ్ళ నుంచి నేర్చుకుంటున్నాను, ఇంకా రాలేదు, అయినా నాకు ప్రపంచంలో ఇంతకంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. మా అమ్మ లెక్కలో ఇంతకంటే దండగ పని ఇంకోటి లేదు. "ఉన్నవాళ్ళతోనే వేగలేక చస్తుంటే, లేనివాణ్ణి కొట్టడానికి వారానికి రెండు రోజులా" అంటుంది.

నేర్పేది ఎవరో కాదు, అమ్మ సొంత తమ్ముడే, మా మావయ్య. పొద్దంతా తన అద్దాల కొట్లో అద్దాలు కోస్తాడు, బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున మాకు కత్తి నేర్పుతాడు. క్లబ్బు అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. లాండ్రీ షాపు మీద రెండో అంతస్తులో ఒక హాలు, చెక్క నేల, ఎప్పుడూ సబ్బు వాసన, కింద మిషన్లు తిరుగుతుంటే అరికాళ్ళకి వెచ్చగా తగులుతుంటుంది. నాతో కలిపి ఎనిమిది మందిమి. గోడలకి ఒక్క అద్దం లేదు. వేరే క్లబ్బుల్లో గోడంతా అద్దాలే ఉంటాయట. అద్దాలమ్మే మనిషి క్లబ్బులో అద్దం లేకపోవడం ఏంటని మా అత్త, అంటే మావయ్య భార్య, మొదటిరోజు నుంచీ ఎగతాళి చేస్తూనే ఉంది. మావయ్య పట్టించుకోడు. అద్దం పెడితే మిమ్మల్ని మీరు చూసుకుంటూ కూర్చుంటారు, నన్ను చూడండి చాలు అంటాడు.

అదే ఆయన పద్ధతి. మాకు వీపు పెట్టి ముందు కూర్చుంటాడు, మేం వెనక రెండు వరసల్లో కూర్చుంటాం, ఆయన చేస్తాడు, మేం చూసి చేస్తాం. ఇది ఎందుకిలా అని అడిగితే మళ్ళీ చేసి చూపిస్తాడు, నోరు విప్పడు. కానీ చెవులు మామూలువి కావు. వెనక్కి తిరక్కుండానే ఎవరి ఒర ఆలస్యంగా చప్పుడైందో చెప్పేస్తాడు. మేం కూడా తక్కువ తినలేదు, ఆయన మెడ ఎంత వంచితే అంతే వంచేవాళ్ళం, ఆయన ఊపిరి ఎప్పుడు వదిలితే అప్పుడే వదిలేవాళ్ళం.

మాకు వేళ్ళ లెక్క ఒకటుంది, అది కూడా అలాగే వచ్చింది. కనిపెట్టింది మాతో నేర్చుకునే డెంటిస్ట్ గారు. ఆయన ముందు వరసలో ఎడమ చివర కూర్చుంటారు, కాబట్టి మావయ్య ఎడమ చెయ్యి ఆయనకి బాగా కనిపిస్తుంది. కత్తి దూసేముందు రెండు చేతులూ తొడల మీద పెట్టి కాసేపు కదలకుండా కూర్చోవాలి. అప్పుడు సార్ ఎడమ బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రాస్తూ ఉంటుందని ఒకరోజు నీళ్ళు తాగేటప్పుడు రహస్యంగా చెప్పారు. "ఊపిరి లెక్కపెట్టుకుంటున్నారమ్మా. అందుకే అంత నిలకడ." ఇంకేముంది, వారం తిరిగేలోగా ఎనిమిది మందిమీ రెండు వేళ్ళు రాస్తూ లెక్కపెట్టుకుంటున్నాం. మా బ్యాచ్‌లో కందిరీగ అని ఒకడున్నాడు, దూసేటప్పుడు పళ్ళ మధ్య నుంచి జుయ్యిమని ఊపిరి వదుల్తాడు, దాంతో ఆ పేరు పడింది, కొరియర్ ఆఫీసులో పని. వాడైతే ఈ లెక్క మొదలుపెట్టాక నా వేటే మారిపోయింది అని ఒట్టేసి చెప్పాడు. నాకూ అలాగే అనిపించింది. బస్టాపులో కూడా లెక్కపెట్టేదాన్ని.

ఇంకోటి ఉంది. దూసేటప్పుడు కుడి చెయ్యి కత్తిని ముందుకి లాగుతుంటే ఎడమ చెయ్యి ఒరని వెనక్కి, బాగా వెనక్కి లాగాలి, అప్పుడే కత్తి మొన తేలిగ్గా బయటికొస్తుంది. మావయ్య ఎడమ చెయ్యి బెత్తెడు మించి లాగదు. మేమూ లాగం. వేరే క్లబ్బుల వీడియోల్లో వాళ్ళు మోచెయ్యి వెనక్కి పోయేలా లాగుతుంటే చూసి, అబ్బో ఎంత హడావిడో అని నవ్వుకునేవాళ్ళం. మనది పొదుపు పద్ధతి అనేది లైబ్రరీ అక్క. లైబ్రరీలో పనిచేస్తుంది, ఏ మాటైనా గుసగుసగానే అంటుంది.

ఇప్పుడు కాలేజీ సంగతి. నేను ఫిజియోథెరపీ మూడో ఏడు. ఆ రోజు నరాల జబ్బుల క్లాసు. మా లెక్చరర్‌కి నటించి చూపించడం సరదా. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "పార్కిన్సన్స్ పేషెంటు మీ గదిలోకొచ్చి కూర్చున్నాడు, ఏం చూస్తారు" అన్నారు.  ఆవిడ బొటనవేలిని చూపుడువేలి మీద రాయడం మొదలుపెట్టారు, మెల్లగా, మాత్రని నలుపుతున్నట్టు. తరచుగా ఒకవైపు చేత్తోనే మొదలవుతుంది, చెయ్యి ఊరికే ఉన్నప్పుడే వస్తుంది, చాలామంది అలవాటు అనుకుని వదిలేస్తారు అన్నారు.

నేను నోట్సు రాసుకుంటున్నాను. బల్ల కింద నా ఎడమ చెయ్యి లెక్కపెడుతోంది.

తర్వాత వీడియో వేశారు. ఒక పెద్దాయన నడుస్తున్నాడు, కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమ చెయ్యి ఊగట్లేదు, పక్కకి అతికించినట్టుంది. ఆ చెయ్యి చేసే పనులన్నీ కురచగా ఉంటాయి, పూర్తిగా చాచలేడు, పూర్తిగా లాగలేడు అంటున్నారు లెక్చరర్. నా పక్కన కూర్చున్న అమ్మాయి "ఏంటే, తెల్లబోయావు" అంది. నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు నా బుర్రలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి, వేళ్ళు, ఒర, మావయ్య హాలు చివరికి నడిచేటప్పుడు వేసే చిన్న చిన్న అడుగులు, ఆ అడుగుల్ని కూడా మేం ఎంత ముచ్చటగా దింపుకున్నామో, అన్నీ.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"మొన్న నాకు మోకాలు నొప్పంటే ఏదో బారెడు పేరు పెట్టావు. చివరికేం తేలింది? చెప్పు అరిగిందని తేలింది."

"ఇది అలాంటిది కాదమ్మా. మావయ్య చెయ్యి చూడు నువ్వు."

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను వాడి చేతుల్ని. ఊరికే ఉండవు. ముందు నువ్వు పరీక్షలు పాసవ్వు, తర్వాత వాడికి జబ్బులు కనిపెడుదువుగాని. ఆ దుప్పటి కొస పట్టుకో."

దుప్పటి కొస పట్టుకున్నాను.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి మావయ్య కొట్టుకెళ్ళాను. అత్త ముందు కౌంటర్లో ఎవరికో ఫోటో ఫ్రేము చూపిస్తోంది. మావయ్య వెనక గదిలో ఉన్నాడు. పెద్ద బల్ల మీద గాజు పలక పరిచి, దాని మీద స్కేలు పెట్టి, ఎడమ చేత్తో స్కేలుని అదిమిపట్టి, కుడి చేత్తో కట్టర్‌ని ఒక్క గీతగా లాగుతున్నాడు. అది సన్నగా కర్రుమంటుంది, తర్వాత పలకని బల్ల అంచుకి తెచ్చి టక్కుమనిపిస్తే గీత మీదే రెండుగా విడిపోవాలి. నేను చూస్తుండగానే స్కేలు జరిగింది. ఎంతో కాదు, గోరంత. గీత వంకర పోయింది. మావయ్య ఏమీ ఎరగనట్టు పలకని విరిచాడు, అది మూల మీద నుంచి పగిలింది. ముక్కల్ని తీసుకెళ్ళి చెత్త పెట్టెలో వేశాడు. పెట్టె నిండా అలాంటివే.

"ఏమే బుడంకాయ్, కాలేజీ లేదా?" అన్నాడు.

"మావయ్యా, నీ ఎడమ చెయ్యి."

"ఆఁ, ఉంది. రెండు ఉన్నాయి."

"జోకులొద్దు. చూపించు."

చూపించలేదు. తలుపు దగ్గరికెళ్ళి అత్త ఎక్కడుందో చూసొచ్చాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని చాలా మామూలుగా చెప్పాడు, టీవీ రిపేరుకిచ్చాను అన్నంత మామూలుగా. ఎనిమిది నెలల కిందటే డాక్టరు దగ్గరికెళ్ళాడట. పేరు కూడా చెప్పాడు. మాత్రలు వాడుతున్నాడట. "వేసుకున్నాక రెండు మూడు గంటలు చెయ్యి నాది. తర్వాత దాని ఇష్టం."

"అత్తకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా. కత్తులన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కిస్తుంది. మీ అమ్మకి చెప్తే ఇక్కడికొచ్చి ఏడుస్తుంది, కస్టమర్లు పారిపోతారు. నువ్వు నోరు మూసుకుని మూడు వారాలు ఓపిక పట్టు."

మూడు వారాలు ఎందుకంటే పరీక్ష. మొదటి డాన్ పరీక్ష, డాన్ అంటే ఈ విద్యలో పట్టా లాంటిది. ఇయాయిదో సంఘం వాళ్ళ తరఫున ఒక పెద్దావిడ వస్తారు, మా క్లబ్బుకి అయిదేళ్ళకోసారి, పోయినసారి వచ్చింది మేమెవరం చేరకముందు. సంఘం రూలు ఏంటంటే క్లబ్బులో డాన్ ఉన్న మనిషి ఒక్కరైనా ఉండాలి, లేకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తారు. మాలో డాన్ ఉన్నది మావయ్యకే. అంతకుముందు ఉన్న ఇద్దరూ ఉద్యోగాలకి వేరే ఊళ్ళు వెళ్ళిపోయారు.

"నేను ఎలాగూ ఆపేయాలి" అన్నాడు మావయ్య. "మొద్దు కత్తే అనుకో, అయినా మొన అంటూ ఒకటి ఉంది కదా, ఎప్పుడో ఒకరోజు ఒర అనుకుని అరచేతిలోకి దింపుకుంటాను. నాకు తెలుసు. కానీ నేను ఆపేసే రోజుకి మీలో ఒక్కరికి డాన్ ఉండాలి. ఒక్కరు చాలు. పదకొండేళ్ళు నడిపాను బుడంకాయ్ దీన్ని. పరీక్ష అయిన సాయంత్రం నేనే మీ అత్తకి చెప్తాను, కత్తి దించేస్తాను, ఇంక మీ ఇష్టం."

"ఎవరూ పాసవ్వకపోతే?"

ఆ మాటకి నవ్వాడు, నిజంగా ధీమాగా నవ్వాడు. "ఎనిమిది మందిలో ఒక్కరు పాసవ్వరా? నాకు వినిపించదనుకున్నావా, నా ఒరా మీ ఎనిమిది ఒరలూ ఒకేసారి చప్పుడవుతాయి. అచ్చు గుద్దినట్టు దింపేశారే నన్ను. నాకింకేం కావాలి."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. మావయ్యా, మేం దింపింది నిన్నొక్కణ్ణే కాదు అని. కానీ ఆ ముఖం చూసి ఎలా చెప్తాను, మీరే చెప్పండి. తల ఊపి వచ్చేశాను.

సరే, ఆయనకి చెప్పకపోతేనేం, మిగతావాళ్ళని మార్చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆదివారం అరగంట ముందే హాలుకెళ్ళి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే పట్టుకున్నాను. ఒరని ఇంకా వెనక్కి లాగాలి, వీడియోల్లో అందరూ అలాగే చేస్తున్నారు, పరీక్షలో అదే చూస్తారట, ఆ వేళ్ళ లెక్క కూడా మానేద్దాం, బాగుండదు అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

కందిరీగ చేతులు కట్టుకుని విన్నాడు. "అందరూ లేచి దండం పెట్టండి, కొత్త సార్ వచ్చింది."

"నేను సీరియస్‌గా చెప్తున్నాను."

"మేనకోడలివని ఊరుకుంటున్నాం తల్లీ. సార్‌కి తెలీంది వీడియోకి తెలుసా?"

డెంటిస్ట్ గారు మర్యాదగానే అన్నారు కానీ ఇంకా గట్టిగా తగిలింది. "అమ్మా, ఇరవై ఏళ్ళ నుంచి నోళ్ళు చూస్తున్నాను, చేతి పని ఎవరిది ఎలాంటిదో నాకు తెలుస్తుంది. సార్‌ది అనవసరంగా ఒక్క వెంట్రుక కూడా కదలని చెయ్యి. దాన్ని పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు వదిలెయ్యమంటావా?"

"కారణం ఉందండీ" అన్నాను.

"ఏంటి?"

చెప్పకూడదు కదా.  లైబ్రరీ అక్క నా భుజం మీద చెయ్యేసి, "నాకు వేళ్ళ లెక్క లేకపోతే గుండె దడ వస్తుందే, పరీక్ష అయ్యేదాకా ఉండనీ" అని గుసగుసలాడింది. అంతలో మావయ్య మెట్లెక్కి వచ్చాడు, ఎనిమిది మందిమీ వరసలో కూర్చున్నాం, ఎనిమిది జతల వేళ్ళు లెక్కపెట్టాయి, నావి కూడా.

ఇంక మిగిలింది నేనే. ఒక్కరు చాలన్నాడుగా మావయ్య, ఆ ఒక్కరూ నేనే అవుతాను, అయిపోతుంది అనుకున్నాను. రోజూ పొద్దున్నే మా మేడ మీద ప్రాక్టీసు. ఎడమ చెయ్యి తొడ మీద బిగించి పెట్టడం, దూసేటప్పుడు ఒరని మోచెయ్యి వెనక్కి పోయేదాకా లాగడం. వంద సార్లు, నూట యాభై సార్లు. మొదటి వారం పదిసార్లకి రెండుసార్లు కుదిరేది. రెండో వారానికి ఆరు, ఏడు. పక్క మేడ మీద బట్టలారేసే ఆవిడ నన్ను చూసి పిల్లల్ని లోపలికి పిలిచేసుకునేది. కానీ బుధవారం హాల్లో మావయ్య వీపు ఎదురుగా కనిపించగానే పదికి సున్నా. నా చెయ్యి నా మాట వినట్లేదు. ఆ మాట అనుకోగానే నాకే సిగ్గేసింది, ఎవరి చెయ్యి ఎవరి మాట వినట్లేదో తెలిసినదాన్ని అయ్యుండి.

పరీక్ష ఆదివారం పొద్దున. పెద్దావిడ చిన్న మనిషి, తెల్ల జుట్టు, బూట్లు విప్పి తనే సర్దిపెట్టుకున్నారు, గోడవైపు కుషన్ మీద కూర్చున్నారు. ముందర చిన్న బల్ల, దాని మీద మా ఎనిమిది పేర్ల కాగితం. మావయ్య ఎప్పటిలాగే మాకు ముందుకొచ్చి, మాకు వీపు పెట్టి కూర్చోబోతుంటే ఆవిడ "మీరక్కడ కాదు, పరీక్షలో నేర్పినవాళ్ళు నా పక్కన కూర్చోవాలి" అన్నారు. మావయ్య వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

అంటే మాకు ఎదురుగా.

నేను ఈ మూడు వారాల్లో అన్నీ ఆలోచించాను, ఇది ఒక్కటీ ఆలోచించలేదు. మా నాలుగేళ్ళలో మేం దూస్తుంటే మావయ్య ఎప్పుడూ ముందు నుంచి చూడలేదు. విన్నాడు, అంతే.

మొదట కందిరీగ. వచ్చి కూర్చున్నాడు, చేతులు తొడల మీద పెట్టాడు. వేళ్ళు లెక్కపెట్టాయి. మావయ్య ముఖం మీద చిన్న నవ్వు ఉంది అప్పటికి, పిల్లాడు స్టేజీ ఎక్కితే ఇంట్లోవాళ్ళకి ఉంటుందే అలాంటిది. కందిరీగ దూశాడు, ఒర బెత్తెడు కదిలింది, కత్తి కొంచెం తట్టుకుని బయటికొచ్చింది. నవ్వు ఉంది ఇంకా, కానీ కళ్ళు వాడి ఎడమ చేతి మీద ఆగాయి. రెండోది డెంటిస్ట్ గారు. ఆయన ఏ పనైనా పద్ధతిగా చేస్తారు కదా, వేళ్ళ లెక్క కూడా నిదానంగా, ఎంతో శ్రద్ధగా, అచ్చం మాత్రని నలుపుతున్నట్టే చేశారు. మావయ్య ఆయన వేళ్ళ వైపు చూశాడు. తర్వాత తన ఒళ్ళోకి చూసుకున్నాడు. అక్కడ కూడా అదే జరుగుతోంది. కుడి చెయ్యి తీసి ఎడమ చేతి మీద పెట్టాడు.

మూడోది లైబ్రరీ అక్క. నాలుగు. అయిదు. ఒకరి వెనక ఒకరు వచ్చి ఆయనెదురుగా కూర్చుని ఆయన చేత్తో లెక్కపెట్టి, ఆయన భుజంతో లాగలేక లాగి, ఆయన అడుగులతో వెనక్కి వెళ్ళారు. నా కళ్ళు మావయ్య మీదే ఉన్నాయి. తల దించుకోలేడు, పరీక్షలో దించుకోకూడదు. ఆరు. ఏడు. ఆయన ఎవరి ముఖమూ చూడట్లేదు, తొడల మీది ఎడమ చేతుల్నే చూస్తున్నాడు.

ఎనిమిదోది నేను.

కూర్చున్నాను. ఎడమ చెయ్యి తొడ మీద పెట్టి బిగించాను, ఒక్క వేలు కూడా కదల్లేదు. ఒక్కరు చాలు, ఒక్కరు చాలు అనుకుంటున్నాను. సరిగ్గా చేస్తే క్లబ్బు ఉంటుంది, కానీ సరిగ్గా చేస్తే మేం దింపుకున్నది ఏంటో నాకు ముందే తెలుసని, తెలిసి దాచానని, ఇంతసేపూ ఆయన చూసిందంతా జబ్బేనని నేనే ముద్ర వేసినట్టవుతుంది. అవనీ అనుకున్నాను. ఒరని లాగుతాను, మోచెయ్యి వెనక్కి పోయేదాకా. తల ఎత్తాను, ఎదురుగా ఊహించుకోవాల్సిన మనిషి చోట మావయ్య ఉన్నాడు. కుడి చెయ్యి పిడి మీదకి వెళ్ళింది. దూశాను.

ఒర బెత్తెడు కదిలింది.

నేను ఆపలేదు, నేను వద్దనుకోలేదు, భయపడలేదు కూడా. మేడ మీద రెండు వేల సార్లు లాగిన చెయ్యి అక్కడ ఆగిపోయింది, అంతే. కత్తి మొన ఒర మూతికి తట్టుకుని వచ్చింది, ఆ చిన్న చప్పుడు మా ఎనిమిది మందికీ ఒక్కటే. మిగతాదంతా చేసి, కత్తి ఒరలో పెట్టి, చిన్న అడుగులతో వెనక్కి వచ్చి నిలబడ్డాను.

పెద్దావిడ పెన్ను కాగితం పక్కన పెట్టేశారు. "చాలా కష్టపడ్డారు మీరంతా, అది కనిపిస్తోంది" అన్నారు. "ఇన్నేళ్ళలో ఎన్నో క్లబ్బులు చూశాను. అందరికీ ఒకే తప్పులు ఉండటం ఎక్కడా చూడలేదు. దూసేముందు వేళ్ళతో చేస్తున్నారే, ఏంటది?"

డెంటిస్ట్ గారు ఒకడుగు ముందుకేశారు. "లెక్క మేడమ్. ఊపిరి లెక్క. మా సార్ పద్ధతి." ఆ గొంతులో ఎంత గర్వముందో నేను ఇప్పటికీ మర్చిపోలేను.

ఆవిడ పక్కకి తిరిగి మావయ్యని చూశారు. తర్వాత ఒకదాని మీద ఒకటి ఉన్న ఆయన చేతుల్ని చూశారు. కుడి చెయ్యి ఎంత అదిమినా కింద ఉన్నది ఆగట్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని మెల్లగా అడిగారు.

"డాక్టరు చెప్పి ఎనిమిది నెలలు" అన్నాడు మావయ్య. మా వైపు చూశాడు. "వీళ్ళని చూస్తుంటే అంతకు చాలా ముందు నుంచే అనిపిస్తోంది."

ఆవిడ ఎవరికీ డాన్ ఇవ్వలేదు. ఇవ్వలేనన్నారు, ఇస్తే మీకే అన్యాయం అన్నారు. క్లబ్బు పేరు మాత్రం ఒక ఏడాది ఉంచమని సంఘానికి రాస్తానన్నారు, వచ్చే ఏడాది మళ్ళీ వస్తానన్నారు. వెళ్ళేటప్పుడు మావయ్య భుజం మీద చెయ్యి పెట్టారు. మావయ్య వంగి నమస్కారం పెట్టి, ఆవిడ మెట్లు దిగేదాకా అలాగే వంగి ఉన్నాడు.

ఆ సాయంత్రం అత్తకి చెప్పాడు. అమ్మకీ చెప్పాడు. అమ్మ నా గదిలోకొచ్చి, "నువ్వు చెప్పినప్పుడు నేను దుప్పటి మడతపెడుతూ ఉన్నానే" అంది.

బుధవారం అందరం వచ్చాం. క్లాసు ఉంటుందో లేదో కూడా తెలీకుండా వచ్చాం. మావయ్య మాకు ఎదురుగా కూర్చున్నాడు, అత్త తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది, ఇంక ఒంటరిగా కత్తి దగ్గరికి పంపనని పట్టుబట్టిందట. మావయ్య జబ్బు పేరు చెప్పాడు. డెంటిస్ట్ గారు రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నారు. "నేనే అందరికీ చెప్పాను సార్, నేనే" అంటున్నారు.

"మీ తప్పేముంది, నేను చూడమన్నాను, మీరు చూశారు" అన్నాడు మావయ్య. "ఇప్పుడు నాది ఉంచుకుని, జబ్బుది వదిలేయండి. వేళ్ళ లెక్క నాది కాదు, దానిది. తీసేయండి. ఒరని కురచగా లాగడం దానిది. తీసేయండి."

ఎనిమిది ఎడమ చేతులు తొడల మీద వెల్లకిలా పెట్టి కూర్చున్నాం, వేళ్ళు కదిలితే కనబడేలా. రెండు నిమిషాలకే కందిరీగ వేళ్ళు మొదలుపెట్టాయి. వాడు కుడి చేత్తో గట్టిగా చరిచాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆ చిన్న అడుగులు సార్?" అంది లైబ్రరీ అక్క.

"దానివి."

"కత్తి సగం లోపలికి వెళ్ళాక ఒక క్షణం ఆగుతారు కదా" అన్నాడు కందిరీగ. "అది?"

"అది నాదే. మా సార్ దగ్గర నుంచి వచ్చింది." కాసేపు ఆలోచించాడు. "నాదే అనుకుంటాను."

"మరి మొదట్లో సార్" అన్నారు డెంటిస్ట్ గారు. అడగడానికి ఆయనకి ఎంతో కష్టంగా ఉంది. "పిడి మీద చెయ్యి పెట్టాక, వెంటనే దూయరు. కదిలీ కదలనట్టు, చాలా నెమ్మదిగా మొదలుపెడతారు. మేమందరం దాని కోసమే... ఆ నెమ్మది?"

మావయ్య నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. నీ చదువులో ఉంటుందిగా."

ఉంది. మొదలుపెట్టడం కష్టమవుతుంది, మొదటి కదలిక ఆలస్యమవుతుంది అని నా పుస్తకంలో ఉంది. నెమ్మదిగా మొదలుపెట్టి వేగంగా ముగించాలి అని ఇయాయిదోలో కూడా ఉంది. నేను చేరిన మొదటి రోజు ఆ నెమ్మది చూసే పడిపోయాను, అప్పటికి ఆయన చెయ్యి ఎవరిదో నాకెలా తెలుస్తుంది. ఎనిమిది మందీ నా వైపే చూస్తున్నారు. తెలీదు మావయ్యా అన్నాను.

"సరే ఉండండి" అన్నాడు. "చేస్తే నాకే తెలుస్తుంది."

అత్త కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. మావయ్య ఒర సర్దుకున్నాడు, వీపు నిటారుగా పెట్టాడు, ఎడమ చేత్తో ఒర మూతి పట్టుకున్నాడు, కుడి చెయ్యి పిడి మీదకి వచ్చింది.  ఆ చెయ్యి అక్కడే ఉంది. కదిలీ కదలనట్టు, ఎప్పటిలాగే, ఎంతో అందంగా ఉంది చూడటానికి. పది సెకన్లయింది. అది మొదలైందో, మొదలవ్వలేకపోతోందో మాకు తెలియట్లేదు, మావయ్య ముఖం చూస్తే ఆయనకీ తెలియట్లేదు. "ఏమైంది, ఎందుకు ఆగిపోయారు?" అని అడిగింది అత్త తలుపు దగ్గర నుంచి.  మేం చూస్తూ కూర్చున్నాం.